ఎదురింటి సేనాపతి

3వ తారీకు, సోమవారం

అందరూ క్షేమమని తలుస్తాను. ఆయన కళ్ళు ఎలా ఉన్నాయి? అమ్మాయి నడుము నొప్పి తగ్గిందా? అల్లుడి దగ్గు ఎలా ఉంది? వియ్యంకుడుగారి మోకాళ్ళు మెట్లు దిగనిస్తున్నాయా? వియ్యపురాలికి బీపీ మాత్ర మార్చారా? తొట్టిలో చేప మేత తింటోందా?

నాకు ఉత్తరం మొదలుపెట్టడం ఒక్కటే వచ్చు. ఐదో తరగతిలో అది నేర్పారు, ఆ తర్వాత బడి మానిపించారు. డైరీ ఎలా మొదలుపెడతారో తెలీదు. ఈ పుస్తకం అమ్మాయి తెచ్చింది. దాని పోస్టాఫీసులో పోయినేడాదివి మిగిలిపోయాయట. తేదీలు కొట్టేసి రాసుకుంటున్నాను. "అమ్మా, నీ దిగుళ్ళన్నీ ఫోన్లో నాకు చెప్పకు. కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉంటారు. ఇందులో రాసుకో" అంది.

జవాబు కూడా నేనే రాయాలి కాబోలు. అమ్మాయి నడుము అలాగే ఉంది. అల్లుడి దగ్గు తగ్గింది. తగ్గిందో, లోపలికి పోయిందో. వియ్యంకుడుగారి మోకాళ్ళు పైకి ఎక్కనిస్తున్నాయి గానీ కిందికి దిగనివ్వడం లేదు. వియ్యపురాలు మాత్ర మార్చలేదు, డాక్టరునే మార్చింది. చేప తింటోంది. ఎక్కువ తింటోంది. అదీ మంచిది కాదంటారు.

ఇక ఆయన కళ్ళు. ఇవాళ కళ్ళ డాక్టరమ్మ చెప్పింది. రెండిట్లోనూ శుక్లాలు బాగా ముదిరిపోయాయట. నెలలోగా తీయించకపోతే లోపల ఒత్తిడి పెరిగి ఉన్న చూపు కూడా పోతుందట, పోయాక ఏం చేసినా తిరిగి రాదట. ఆయన అంతా విని లేచి, "వస్తానమ్మా డాక్టరమ్మా" అని గోడకి వేలాడుతున్న తెల్లకోటుకి చెప్పి బయటికొచ్చేశారు.

ఇంటికొచ్చాక "నాకు బాగానే కనిపిస్తోంది" అన్నారు.

ఆయనకు బాగానే కనిపిస్తోందేమో. ఆయన కళ్ళు కదా, ఆయనకే తెలియాలి.

4వ తారీకు, మంగళవారం

బాగా కనిపించడం లేదు. టీ చేప తొట్టిలో పోశారు. చేప బాగానే ఉంది, పొద్దుటి నుంచి నిద్రపోలేదు.

సాయంత్రం వియ్యంకుడుగారు వచ్చారు. రావడమంటే ఏముంది, వరండా దాటితే ఎదురుగా వాళ్ళ గుమ్మమే. అమ్మాయి, అల్లుడు వాళ్ళతోనే ఉంటారు. వియ్యంకుడుగారు ఇరవై రెండేళ్ళు ఓడలో వంట చేసిన మనిషి. మాట్లాడితే చుట్టూ సముద్రం హోరెత్తుతున్నట్టే, అంత గట్టిగా మాట్లాడతారు.

"ఏం బావగారూ, కత్తి అంటే భయమా?"

"భయమేంటి! నలభై ఏళ్ళు తాళాలు విప్పినవాణ్ణి. ఎవడి ఇనప్పెట్టె అయినా చెవి పెట్టి విని తెరిచినవాణ్ణి. కంటితో ఏం పని నాకు?"

"మరి రేపు చెల్లెమ్మగారి మొహం ఎలా చూస్తారు?"

"నలభై ఏడేళ్ళు చూశాను. కొత్తగా ఏముంది అందులో?"

నేను అక్కడే ఉన్నాను.

చివరికి ఆయనే అన్నారు, "నన్ను చదరంగంలో ఓడించండి బావగారూ. ఓడితే నోరెత్తకుండా ఆసుపత్రికి వస్తాను. గెలిస్తే ఈ ఊసు మళ్ళీ ఎత్తకూడదు" అని. చేతిలో చెయ్యి వేసుకున్నారు. ఆయన చెయ్యి ముందు సోఫా మీద పడింది, తర్వాత దొరికింది.

5వ తారీకు, బుధవారం

గ్యాసు కట్టేశానా అని నాలుగుసార్లు చూశాను. కట్టేసే ఉంది. నాలుగుసార్లూ.

6వ తారీకు, గురువారం

మూడు ఆటలు ఆడారు. మూడూ ఆయనే గెలిచారు. భార్య గెలుపు కోరుకోవాలి గానీ, నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

ఆయన ఆట తాళం వేసే ఆట. బంట్లను ఒకదాని భుజం ఒకటి పట్టుకున్నట్టు ఐమూలగా నిలబెడతారు. ఒకదాన్ని కొడితే పక్కది కొడుతుంది. రాజుకి కోట కట్టేసి మూల గదిలో పెడతారు. తర్వాత మెల్లిగా, తొందర లేకుండా, ఎదుటివాడికి ఊపిరాడకుండా చేస్తారు. ఎత్తు వేసేముందు ముక్కలన్నిటినీ వేళ్ళతో తడుముతారు. గుర్రం చెవులు, శకటు నెత్తిమీది గాటు, ఏనుగు చుట్టూ ఉన్న గోడ. అది ఆయన అలవాటు. తాళాల మనిషి చేతులు కదా.

అలవాటే.

వియ్యంకుడుగారు పీట తన్ని లేచారు. "ఇదేం ఆటండీ! ఎవడూ ఇంట్లోంచి కదలడు! మీకు వచ్చిన ఆటలో గెలవడం గొప్పేముంది? నా ఆటకి రండి. ఓడలో నేర్చిన చైనా చదరంగం. ఒక్కటే ఆట, ఒక్కటే తీర్పు."

"వస్తాను. పదిరోజులు ఇవ్వండి, నేర్చుకుంటాను."

పదహారో తారీకు, ఆదివారం అనుకున్నారు. నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది. వెంటనే సిగ్గేసింది.

7వ తారీకు, శుక్రవారం

ఆ ఆట నియమాల పుస్తకం నేనే చదివి వినిపిస్తున్నాను. ఆయన కళ్ళజోడు కనబడటం లేదట. కళ్ళజోడు ఆయన మొహం మీదే ఉంది.

నాకు అర్థమైనంత రాసుకుంటాను. ముక్కల్ని గదుల్లో పెట్టరు, గీతలు కలిసే చోట పెడతారు. రోడ్డు కూడలిలో మనిషిని నిలబెట్టినట్టు. ఏ బండి వచ్చి గుద్దుతుందో అని నాకు అప్పుడే భయమేసింది. బల్ల మధ్యలో ఏరు ఉంటుంది. వాళ్ళ ఏనుగు మన ఏనుగులా తిన్నగా దూసుకుపోదు, ఆ పని అక్కడ రథానిది. ఇది ఐమూలగా రెండడుగులే, పైగా ఏరు దాటదు. ఏనుగు ఏరు దాటలేకపోవడమేమిటో. గుర్రానికి కాలి పక్కన ఎవరైనా నిలబడితే ఆ వైపు దూకలేదు. మంత్రి లేనే లేడు. బంట్లు అయిదే, అవీ ఒకటి విడిచి ఒకటి. తిన్నగానే కొడతాయి గనుక ఒకదానికొకటి కాపలా ఉండలేవు.

"మరి గోడ ఎలా కట్టను?" అన్నారు ఆయన.

"గోడ ఉండదటండీ."

"తలుపు?"

"తలుపులన్నీ మొదటినుంచే తీసి ఉంటాయట."

నలభై ఏళ్ళు తాళాలు వేసిన మనిషికి అలాంటి ఇల్లు ఊహకి కూడా అందదు.

ఇంకోటి. మన ఆటలో బంటు ఆ చివరికి చేరితే మంత్రి అవుతుంది. వాళ్ళ ఆటలో ఏమీ అవదు. ఏరు దాటాక పక్కలకి జరగొచ్చు, అంతే. వెనక్కి రాలేదు. ఆ చివరిదాకా పోయినదాన్ని ముసలి బంటు అంటారట. నేను పుస్తకం మూసేసి బట్టలు ఆరేయడానికి వెళ్ళాను.

8వ తారీకు, శనివారం

ఫిరంగి సంగతి ఇవాళ అర్థమైంది. పుస్తకం వల్ల కాదు, వియ్యపురాలి వల్ల.

ఫిరంగి తిన్నగా ఎవర్నీ కొట్టలేదు. మధ్యలో ఒకరు ఉండాలి. వాళ్ళ మీదుగా దూకి అవతలివాళ్ళని కొడుతుంది. మధ్యలో ఎవరూ లేకపోయినా కొట్టలేదు, ఇద్దరున్నా కొట్టలేదు. సరిగ్గా ఒక్కరు.

వియ్యపురాలు వచ్చి కూర్చుంది. అమ్మాయి మా మధ్య ఉంది.

"అమ్మాయీ, కొంతమంది మొగుడి కళ్ళు పోతున్నా పుస్తకాలు చదువుకుంటూ కూర్చుంటారు" అంది.

నా మీదే. అమ్మాయి తల మీదుగా. నలభై ఏడేళ్ళ కాపురంలో నాకు తెలీని విద్య ఈ పుస్తకం నేర్పింది. ఫిరంగికి అడ్డం పెట్టకూడదు, అడ్డం తీసేయాలి. "అమ్మాయీ, పాలు పొంగుతున్నాయేమో చూడు" అన్నాను. అమ్మాయి వెళ్ళింది. వియ్యపురాలు నోరు తెరిచింది, మూసింది. "ఎండలు బాగా ఉన్నాయి వదినగారూ" అంది.

అమ్మాయి తిరిగొచ్చింది. "కొంతమంది ఇంట్లో లేని పాలు కూడా పొంగుతాయి" అంది వియ్యపురాలు వెంటనే.

మన ఆటలో పక్కన మనవాళ్ళుంటే ధైర్యం. ఆ ఆటలో మనవాళ్ళ వల్లే దెబ్బ తగులుతుంది. ఇది ఆలోచించి అన్నం సరిగా తినలేదు.

9వ తారీకు, ఆదివారం

ఆయన పడకగదిలో సుద్దముక్కతో గీతలు గీశారు. సేనాపతి కోటట, సేనాపతి అంటే వాళ్ళ ఆటలో రాజు. మన రాజు ఆట చివర్లో తనే కర్ర పట్టుకుని రంగంలోకి దిగుతాడు, అక్కడి సేనాపతి ఆట అయ్యేవరకు తొమ్మిది కూడళ్ళ కోట విడిచి రాడట. "వాడిలా బతికితేగాని వాడి ఆలోచన నాకు పట్టుబడదు" అన్నారు. మంచం, కుర్చీ, కిటికీ కోటలో ఉన్నాయి. నన్ను అంగరక్షకుణ్ణి చేశారు. కోటలో అంగరక్షకులు ఐమూలగానే కదులుతారట, నేనూ అలాగే నడవాలట.

"టీ చల్లారిపోతుందండీ, తిన్నగా తెస్తాను."

"తిన్నగా వస్తే తాగను."

మంచం చుట్టూ తిరిగి ఐమూలగా తెచ్చి ఇచ్చాను. మధ్యాహ్నానికి గొడవ వచ్చింది. బాత్రూం కోట బయట పడింది. ఆయనే వరండాలోకి అరిచి అడిగారు. ఎదురింటి నుంచి వియ్యంకుడుగారు ఓడ మీంచి పలికినట్టు పలికారు: "కోటలోనే కలిపేసుకోండి బావగారూ! ఆ మాత్రానికి నేను అభ్యంతరం పెట్టను!"

కింది అంతస్తువాళ్ళు విన్నారు. విన్నారనే అనుకుంటున్నాను. లిఫ్టులో నన్ను చూసి నవ్వారు.

10వ తారీకు, సోమవారం

ఇంకా కోటలోనే ఉన్నారు.

కొత్త చిక్కు. ఇద్దరు సేనాపతులు ఎదురెదురుగా ఒకరినొకరు చూసుకోకూడదట. మధ్యలో ఎవరైనా ఉండాలి. ఎవరు ముందు ఆ దారి ఖాళీ చేస్తే వాళ్ళది తప్పు. మా పడకగది తలుపు తీస్తే హాలు, హాలు తలుపు తీస్తే వరండా, వరండా అవతల వాళ్ళ గుమ్మం, గుమ్మంలో వియ్యంకుడుగారి పడక్కుర్చీ. అన్నీ ఒకే వరస. తలుపులు వేసుకుందాం అన్నాను. "ఆ ఆటలో తలుపుల్లేవని నువ్వే కదా చదివావు" అన్నారు.

వరండాలో పీట వేసుకుని నేను కూర్చున్నాను. పదకొండు నుంచి నాలుగు దాకా. బీన్స్ ఒలిచాను. ఒకసారి ఫోను మోగితే లేవబోయాను. రెండు ఇళ్ళలోంచీ ఒకేసారి "కదలొద్దు!" అని అరిచారు. ఫోను ఎవరు చేశారో. ఆసుపత్రి వాళ్ళేమో. ఎవరికైనా ఏమైనా అయిందేమో.

11వ తారీకు, మంగళవారం

ఫోను చేసింది అమ్మాయే. నేను బాగున్నానా అని.

12వ తారీకు, బుధవారం

ఆయన అసలు ముక్కలతో సాధన మొదలుపెట్టారు. వియ్యంకుడుగారి ఓడలోని ముక్కలు, చెక్క బిళ్ళలు. అన్నీ ఒకే కొలత, ఒకే గుండ్రం. పైన చైనా అక్షరం చెక్కి రంగు వేసి ఉంది గానీ, ఏళ్ళ తరబడి చేతుల్లో నలిగి నున్నగా అయిపోయాయి.

ఆయన ఒక బిళ్ళ తడిమారు. ఇంకోటి తడిమారు. మళ్ళీ మొదటిది.

"లైటు సరిగా లేదు" అన్నారు.

బల్బు మార్చాను. తన రథంతో తన సేనాపతినే చంపేశారు. "లైటు సరిగా లేదే" అన్నారు. ఇంకా పెద్ద బల్బు పెట్టాను. ఒక చొక్కా బొత్తాం చేతిలో పెడితే "ఫిరంగి" అన్నారు.

లైటు సరిగా లేదు. రేపు ఇంకో బల్బు కొనాలి.

13వ తారీకు, గురువారం

మూడో బల్బు కూడా సరిగా లేదు.

ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చుని, "నా చదరంగంలో గుర్రం గుర్రంలా ఉంటుంది" అన్నారు. ఆ మాట అన్న తీరు మొదటిసారి బడికి వెళ్ళిన పిల్లవాడు అన్నట్టుంది.

నేను మాట్లాడలేదు. మాట్లాడితే ఆయనకు కనిపించడం లేదని ఇద్దరం అనుకున్నట్టవుతుంది. ఎవరో ఒకరం అనుకుంటే ఫరవాలేదు.

14వ తారీకు, శుక్రవారం

రాయక తప్పదు. ఆయన ఓడిపోవాలి. ఓడితేనే ఆసుపత్రి. ఇలాగే వదిలేస్తే ఆదివారం అయిదు నిమిషాల్లో ఓడిపోతారు. ఏమీ చేయకుండా కూర్చుంటే చాలు. నా జన్మలో ఏమీ చేయకుండా కూర్చుంటే చాలు అన్న పని ఇదొక్కటే వచ్చింది.

చేశాను. రథాలకి కోటు బొత్తాలు అంటించాను. ఫిరంగులకి అగ్గిపుల్ల. గుర్రాలకి పురికొస ముక్క, తోకలాగా. ఏనుగులకి మిరియపు గింజ, చిన్నదే, కానీ తెలుస్తుంది. అంగరక్షకులకి ఒక మైనపు చుక్క, సేనాపతులకి రెండు. వియ్యంకుడుగారి వైపు బిళ్ళల అంచుకి దారం చుట్టాను. బంట్లని ఊరికే వదిలేశాను, బంటుకి ఏమీ ఉండదు. ఆటకి పరిచే గుడ్డ మీద గీతలన్నీ లావు దారంతో కుట్టాను. ఏరు నీలం దారం. ఆయనకు రంగు తెలియదు, నాకు తెలుస్తుంది.

కుడుతుంటే వియ్యపురాలు వచ్చింది. మధ్యలో ఎవరూ లేరు. చేప తొట్టి వైపు తిరిగింది.

"చూశావటే చేపా, ఈవిడకి మొగుడు గెలవాలో ఓడాలో తెలీదు."

"చేపా," అన్నాను నేను కూడా, "ఆయన ఓడాలి. కానీ కనపడక ఓడకూడదు. ఆడి ఓడాలి. అలా ఓడితేనే తలెత్తుకుని ఆసుపత్రికి వస్తారని వదినగారికి చెప్పు."

వియ్యపురాలు కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. నాకూ ఈ మధ్య సూది బెజ్జం సరిగా కనబడటం లేదు. లైటు వల్లే.

15వ తారీకు, శనివారం

బిళ్ళలు తడిమారు. బొత్తాం దగ్గర వేలు ఆగింది. "ఇవేంటి?"

"పాతబడ్డాయి కదండీ, కాస్త బాగుచేశాను."

"ఊఁ" అన్నారు. అంతే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తనతో తానే ఆడుకున్నారు. రెండు పక్కలా ఆయనే గెలిచారు.

భయమేస్తోంది. మరీ బాగా అంటించానేమో.

16వ తారీకు, ఆదివారం

మధ్యాహ్నం మూడింటికి మొదలైంది. వరండాలోనే బల్ల వేశారు, రెండిళ్ళకీ సమానంగా ఉండాలని. ఆయన వారం తర్వాత కోట దాటి బయటికొచ్చారు. సుద్దగీత మీద తెలిసీ తెలియనట్టు కాలు వేశారు.

వియ్యంకుడుగారు రథం ఎత్తబోతూ బొత్తాన్ని బొటనవేలితో రుద్ది చూశారు. నా వైపు చూశారు. "మా ఓడలో ఇంత మంచి ముక్కలు లేవు" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు.

ఎత్తులు నాకు పూర్తిగా తెలీవు. వియ్యంకుడుగారు వచ్చీ రాగానే ఫిరంగిని మధ్యకి లాగి, రథాల్ని రోడ్డెక్కించారు. పొయ్యి మీద పెద్ద మంట పెట్టి అన్నీ ఒకేసారి వేయించేసే మనిషి. ఆయన బంట్లని జరిపి గోడ కట్టబోయారు. గోడ నిలబడలేదు. రెండో ఫిరంగి ఆయన గుర్రం మీంచే దూకి ఏనుగుని కొట్టబోయింది. అప్పుడు ఆయన ఒక పని చేశారు. అడ్డం పెట్టకుండా, తన గుర్రాన్నే పక్కకి తీసేశారు. ఫిరంగి నోరు పడిపోయింది.

"అబ్బో!" అన్నారు వియ్యంకుడుగారు.

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టబోయి, వద్దు వద్దు, ఓడిపోవాలి అనుకున్నాను. తర్వాత ఆయన రథం పోయింది. అయ్యో అనుకున్నాను. మంచిదే అనుకున్నాను. వియ్యంకుడుగారి రథం పోయింది. భలే అనుకున్నాను. ఇదేం ఖర్మ అనుకున్నాను. అమ్మాయి నాకు మంచినీళ్ళు ఇచ్చింది.

అయిదున్నరకి బల్ల దాదాపు ఖాళీ. ఆయన సేనాపతి ఒక్కడే, కోట మూలలో ఉన్నాడు. వియ్యంకుడుగారికి సేనాపతి, ఒక బంటు. ఆ బంటు ఏరు దాటి కోట పక్కకి వచ్చి నిలబడింది. ఆయన వంతు. పైకి జరిగితే బంటు కొడుతుంది. పక్కకి జరిగితే మధ్య దారి, అక్కడ ఎదురు సేనాపతి నేరుగా చూస్తుంటాడు, మధ్యలో ఎవరూ లేరు. ఇంకెక్కడికీ చోటు లేదు.

ఆయన గీతలన్నీ వేలితో తడిమి తడిమి చూశారు. మొహం వెలిగిపోయింది.

"నాకు చెక్ లేదు. కదలడానికి చోటూ లేదు. డ్రా! డ్రా అయింది బావగారూ!"

"డ్రా ఏంటి? కదలడానికి చోటు లేకపోతే మా ఆటలో ఓటమే."

"చెక్ లేకుండా ఓటమి ఏంటండీ! మనిషిని మూలకి నెట్టి ఓడిపోయావంటే సరిపోతుందా?"

"మూలకి నెట్టడమే కదండీ గెలవడం!"

ఆయన నా వైపు తిరిగారు. "ఏమే, పుస్తకంలో నువ్వు ఈ మాట చదివావా?"

అమ్మాయి పుస్తకం తీసి పైకి చదివింది. ఉంది. కదలలేనివాడు ఓడినట్టే అని ఉంది, నియమాల్లో చివరికి ముందుది.

నేను ఆ పేజీ చదివి వినిపించానో లేదో గుర్తు లేదు. చదివే ఉంటాను. ఆ రోజు బట్టలు ఆరేయాల్సి వచ్చింది. గుర్తు లేదనే రాస్తున్నాను.

ఇద్దరూ ఏడింటి దాకా అరుచుకున్నారు. "ఎవరి ఆటలో ఆడామో వాళ్ళ నియమం!" అని ఒకరు. "నాకు చెప్పని నియమం నాకు వర్తించదు!" అని ఒకరు. కింది అంతస్తువాళ్ళు పైకి వచ్చి, కాసేపు విని, వాళ్ళలో వాళ్ళు రెండు పక్షాలైపోయారు.

17వ తారీకు, సోమవారం

పొద్దున్నే మళ్ళీ వరండాలో మొదలుపెట్టారు. ఆయన చెయ్యి చాపి కుర్చీ కోసం వెతుకుతున్నారు. కుర్చీ అటు లేదు. ఆ చెయ్యి గాలిలో అలా తిరుగుతుంటే అరుపులు నాకు వినపడలేదు.

"మీకు కళ్ళు రెండు కదండీ" అన్నాను.

"అయితే?"

"అన్నయ్యగారి లెక్కలో మీరు ఓడారు. మీ లెక్కలో డ్రా. ఒక కన్ను అన్నయ్యగారి లెక్కలోకి, ఒక కన్ను మీ లెక్కలోకి."

నేను తప్పు మాట అన్నానేమో అనుకున్నాను. వియ్యంకుడుగారు పెద్దగా నవ్వబోయి ఆపుకున్నారు. ఆయన గడ్డం నిమురుకున్నారు.

"అంటే ఒక కన్నే ఓడిపోయినట్టు."

"ఒక్కటే."

"రెండోది ఓడలేదు."

"దాని జోలికి ఎవరూ రారండీ."

"న్యాయంగానే ఉంది" అన్నారు. తర్వాత ఏ కన్ను ఓడిందన్నదాని మీద గంటసేపు వాదించారు. కుడికన్ను తాళం చెవి రంధ్రంలో పెట్టి చూసిన కన్నట, అది ఓడదట. ఎడమదే ఓడిందని ముగ్గురం ఒప్పుకున్నాం. వియ్యపురాలు కూడా ఒప్పుకుంది.

అమ్మాయి ఆసుపత్రికి ఫోను చేసింది. ఒక కన్నే చేయించుకుంటారట అంటే, అక్కడివాళ్ళు మేమెప్పుడూ ఒకసారికి ఒక కన్నే చేస్తాం, రెండోది వారం తర్వాత అన్నారట. అమ్మాయి నా చెవిలో చెప్పింది. ఆయనకు చెప్పలేదు. ఆయన పక్క గదిలో వియ్యంకుడుగారితో, రెండో కన్నుకి ఏ ఆట ఆడాలో తేల్చుకుంటున్నారు.

ఇరవై అయిదో తారీకు, మంగళవారం, పొద్దున తొమ్మిదిన్నరకి రమ్మన్నారు. ఎడమ కన్ను.